మూల పడని ఫొటో

రాజోలు,
28 ఏప్రిల్ 2025

పిన్నికి,

బ్లెస్సీ వందనాలు. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఇక్కడ అందరం కులాసా, ఉక్క తప్ప.

ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకు. మొన్న ఫోన్ చేస్తే ఏమయిందో చూశావుగా. నీకు చెవి సరిగా వినపడదు, నాకు గొంతు లేవదు. "గట్టిగా చెప్పవే" అని నువ్వు అక్కడ అరుస్తావు. ఇక్కడ హాల్లో మామగారు పేపరు చదువుతుంటారు, వంటింటి గుమ్మంలో అత్తగారు, వేసవికి పిల్లలతో వచ్చిన హేమ వదినగారు ఉయ్యాలబల్ల మీద. ఇంతమంది చూస్తుంటే నేనేం గట్టిగా చెప్పను? ఏడో తరగతితో ఆగిపోయినా నా దస్తూరీ బాగుంటుందని అమ్మ అనేది. అందుకని రాస్తున్నాను.

చంటిదానికి జూన్ ఎనిమిదో తారీకు ఆదివారం బాప్తిస్మం. వీళ్ళ ఇంటి ఆనవాయితీ ఏమిటంటే, ఆ రోజు పిల్ల తొడుక్కునే గౌను తల్లి పుట్టింటి నుంచి రావాలి. నాకు పుట్టిల్లంటే ఇప్పుడు నువ్వూ, అమ్మ వదిలి వెళ్ళిన బిస్కట్ల డబ్బా.

ఆ డబ్బాలో లేసు పువ్వులున్నాయి. నా కడుపులో ఇది పడిందని తెలిసిన రోజు నుంచి అమ్మ అల్లినవి, హాస్పిటల్లో మంచం మీద కూడా అల్లినవి. గౌను అంచుకి రెండు వరసలు, వరసకి పదహారు, మొత్తం ముప్ఫై రెండు కావాలని కాగితం మీద రాసి పెట్టింది. లెక్కపెడితే ఇరవై ఆరే ఉన్నాయి. ఇరవై రెండు విడివిడిగా, నాలుగు ఒకదానికొకటి అతికి.

అమ్మ చేతిపని మనిషి, నువ్వు అతుకుపని మనిషివి. ఆవిడ పువ్వులు వేస్తే నువ్వు కలిపేదానివి. నన్ను మాత్రం "కళ్ళు పోతాయే" అని ఇద్దరూ దగ్గరికి రానివ్వలేదు. నాకు వచ్చింది గొలుసు కుట్టు ఒక్కటే. ఇప్పుడు అతుకు ఎలా వెయ్యాలో చెప్పు. వీలయితే రా.

అత్తగారు ఏమన్నారో తెలుసా? "మాస్టారి కోడలు వీధరుగు మీద సూదీ దారం పట్టుకుని కూర్చుంటే ఏం బావుంటాదమ్మా? కూలిపని అనుకోరూ? ఒకటో తారీకు దాకా చూద్దారి. అవ్వకపోతే అమలాపురంలో రెడీమేడ్ తెచ్చేద్దారి." హేమ వదినగారు అప్పుడే ఫోన్లో ఒకటి చూపించారు. దాని నిండా తగరపు చెమ్కీలు. పిల్లకి దద్దురు రావడం ఖాయం.

అమ్మ దీన్ని ఎత్తుకోలేదు పిన్నీ. ఆవిడ చేతిపనైనా దాని ఒంటిమీద ఉండాలి.

నీ బ్లెస్సీ


రంపచోడవరం,
3 మే 2025

బ్లెస్సీకి,

ఉత్తరం అందింది. దస్తూరీ బాగానే ఉంది, బుర్రే లేదు.

నేను రాలేను. హాస్టల్లో పదో తరగతి తప్పిన పద్దెనిమిది మంది ఆడపిల్లలున్నారు. నెలాఖరుకి గానీ వాళ్ళ పరీక్షలు అవ్వవు. వాళ్ళకి ముప్పూటలా వండేది నేనే.

అక్క నాలుగు పువ్వులు అతికిందని రాశావు. అది నాకు నమ్మకం కావడం లేదు. పుట్టి బుద్ధెరిగి అక్క ఒక్క అతుకు వెయ్యలేదు. ఆ నాలుగూ కలిసే చోటుని మూల అంటాం. మూల ఎలా వేసిందో చూస్తే మిగతా వాటికి ఎన్ని గొలుసులు వెయ్యాలో చెబుతాను. చూడకుండా చెబితే ఒకటి బిగుసుకుంటుంది, ఒకటి వేలాడుతుంది.

నాది బొత్తాల ఫోన్, దాంట్లో బొమ్మలు రావు. ఫొటో తీసి, కడిగించి, పోస్టులో పంపు. మూల కనపడాలి. మనుషులు అక్కర్లేదు. మళ్ళీ రాస్తున్నాను, మూల.

ఉంటాను,
సరోజిని

పిల్లకి ఉగ్గు పడుతోందా? జీడిపప్పు అరగదు, వద్దు.


రాజోలు,
9 మే 2025

పిన్నికి,

ఇందులో రెండు ఫొటోలున్నాయి. చూడకముందే ఈ ఉత్తరం చదువు, లేకపోతే నన్ను తిడతావు.

స్టీలు ట్రేలో పువ్వులన్నీ పరిచి, అతికిన నాలుగూ అంచు దగ్గర పెట్టి, నా ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. అయినా ఈ ఇంట్లో ఫోన్ పైకెత్తితే చాలు, గోడలకి కూడా తెలిసిపోతుంది. "ఫొటోయా అమ్మా? ఆగాగు, చొక్కా మార్చుకొచ్చేస్తాను" అని మామగారు లేచారు. హేమ వదినగారు వచ్చి, "వస్తువొక్కదాన్నే తీస్తావేంటి బ్లెస్సీ, దొంగసొత్తు పోలీసులు తీసినట్టు? మనుషులుంటేనే ఫొటో" అన్నారు. వాళ్ళ పిల్లలిద్దరూ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. మా ఆయన గ్యాసు ప్లాంటులో నైటు డ్యూటీ చేసి ఓడలరేవు నుంచి అప్పుడే దిగారు. ఆయన్ని హెల్మెట్‌తోనే నిలబెట్టారు. అత్తగారు "నాకెందుకమ్మా ఈ లేసులూ గీసులూ" అంటూనే ట్రే ఒక పక్క పట్టుకున్నారు. రెండో పక్క మామగారు.

అందరూ బాగా పడ్డారు. మూల మాత్రం మామగారి బొటనవేలి కింద ఉంది. వేలు తియ్యమని అడగాలని నోటిదాకా వచ్చింది. ఆయన ఎదుట నేను ఇంతవరకూ "ఆయ్" తప్ప రెండో మాట అనలేదు, వేలు తియ్యమని ఎలా అంటాను?

రెండోది మర్నాడు అందరూ ముంజలు తింటుంటే ఒక్కదాన్నే తీశాను. మూల బ్రహ్మాండంగా పడింది. సెంటర్లో గంగబాబు స్టూడియోలో ఇచ్చాను. సాయంత్రం వెళ్తే అతను ఎంతో సంబరంగా చేతికిచ్చాడు. "గుడ్డ పాతదాండి? అంతా చిల్లులు పడిపోయిందండి. కంప్యూటర్లో కూర్చుని ఒక్కొక్క చిల్లే పూడ్చేనండి. మాస్టారి ఇల్లు కదండి, వెనకాల జలపాతం కూడా పెట్టేనండి."

నువ్వే చూడు. పువ్వులు లేవు, ట్రే నిండా ఇడ్లీలున్నాయి. పాతది మళ్ళీ వెయ్యమందామంటే నా ఫోన్లో హేమ వదినగారి పిల్లలు ఆటలు ఎక్కించుకోవడానికి ఫొటోలన్నీ తీసేశారు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. పిల్లకి ఉగ్గు పడుతోంది.

నీ బ్లెస్సీ


రంపచోడవరం,
14 మే 2025

బ్లెస్సీకి,

మీ మామగారి చొక్కా బాగుంది. గుండీలు ఆరు, లెక్కపెట్టాను. మీ ఆయన హెల్మెట్ కంపెనీ పేరు కూడా చదివాను. ఇడ్లీలు జలపాతంలో కొట్టుకుపోతున్నాయి, తొందరగా పట్టుకోండి.

ఇక అసలు సంగతి. వార్డెను గారి భూతద్దం తెచ్చుకుని మొదటి ఫొటో చూశాను. నువ్వు ఇరవై ఆరు అని రాశావు. ట్రేలో ఇరవై తొమ్మిది ఉన్నాయి. అందులో మూడు పువ్వులకి ఏడు రేకులు. అక్క పువ్వుకి ఎప్పుడూ ఎనిమిది రేకులు. నిద్రలో వేసినా ఎనిమిదే. నాలుగు వైపులా నాలుగు, మూలలకి నాలుగు. అలా ఉంటేనే అతుకు కుదురుతుంది. ఏడు రేకుల పువ్వు మూలకి అందదు.

నువ్వే అల్లి డబ్బాలో కలిపావని నాకు తెలిసిపోయింది. నేర్చుకోవాలని ఉంటే నేర్చుకున్నానని చెప్పు. నీ పువ్వుకి చచ్చిపోయిన మనిషి పేరు పెట్టకు.

సరోజిని


రాజోలు,
19 మే 2025

పిన్నికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు.

నేను అల్లలేదు. నాకు రాదు. రానివ్వలేదు మీరు. ఇరవై ఆరు లెక్కపెట్టిన మాట నిజం. ఇవాళ లెక్కపెడితే ముప్ఫై రెండు ఉన్నాయి! డబ్బా బీరువా మీద ఉంటుంది, తాళం లేదు. పువ్వులు వాటంతట అవే పెరుగుతున్నాయి అంటే నువ్వు నమ్మవు, నేనూ నమ్మను. పిల్లలు ఆడుకుంటూ ఎక్కడి నుంచో తెచ్చి పడేశారేమో. హేమ వదినగారిని అడిగితే, "నాకు బొత్తాం కుట్టుకోవడమే రాదు, పువ్వులా?" అని నవ్వారు. అత్తగారిని అడగడానికి ధైర్యం చాలలేదు. లేసు మాటెత్తితే ఆవిడ మొహం మూసుకుపోతుంది.

ఇంకో మాట. ఇదీ నోటితో అనలేనిదే, రాస్తున్నాను. అమ్మని మట్టి చేసిన రోజు నువ్వు స్మశానం నుంచే బస్సెక్కి వెళ్ళిపోయావు. చెయ్యి కడుక్కోలేదు, మంచినీళ్ళు తాగలేదు. చంటిది పుట్టినప్పుడు రాలేదు. ఇప్పుడు హాస్టల్ పిల్లల పరీక్షలంటున్నావు. పరీక్షలయ్యాక ఇంకేం చెబుతావో. నన్ను దొంగదాన్ని చెయ్యడానికి మాత్రం నీకు తీరిక ఉంది.

మూడో ఫొటో పంపుతున్నాను, ఇదే ఆఖరు. మామగారి నల్ల గొడుగు విప్పి, నూతి గట్టు మీద ఎండలో పెట్టి, దాని మీద అతికిన నాలుగు పువ్వులు పరిచాను. నలుపు మీద ఎంత బాగా కనపడ్డాయో! ఆ రోజు ఆవకాయ పెట్టారు, అందరూ జాడీల దగ్గర ఉన్నారు. నేను నొక్కబోతుంటే అత్తగారు చేతులు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వచ్చారు. "ముడత పడిపోయిందమ్మా, అలా తీస్తావా?" అని కడిగిన చెయ్యి చాపారు. నేను అప్పటికే నొక్కేశాను. ఇంకోటి తీద్దామంటే ఫోన్ ఆరిపోయింది. చార్జింగ్ పెడదామంటే కరెంటు లేదు. కరెంటొచ్చేసరికి మబ్బు.

మూల మీద ఈసారి మా అత్తగారి చెయ్యి ఉంది. నీకు మూల చూసే రాత లేదు, నాకు చూపించే రాత లేదు.

బ్లెస్సీ


రంపచోడవరం,
24 మే 2025

అమ్మా బ్లెస్సీ,

నేను తొందరపడ్డాను. ఈ ముక్క ఇంకోసారి రాయను, ఇక్కడే చదువుకో.

నువ్వు ఇంతవరకూ పంపిన వాటిలో మంచి ఫొటో ఇదే. భూతద్దం పెట్టి నువ్వు కూడా చూడు. మీ అత్తగారి ఎడమ చూపుడు వేలి పక్కన సన్నటి గీత ఉంది. ఆవకాయ పసుపు దానిలోకి దిగింది కాబట్టి కనపడింది. అది దారం కోసిన గీత. దారం ఆ వేలి మీంచి జారుతూ జారుతూ అలా కోస్తుంది. నా వేలికి ఉంది. మీ అమ్మ వేలికి ఉండేది. పని మానేస్తే ఏడాదికి పూడిపోతుంది. కాబట్టి ఆ గీత ఈ మధ్యనే పడింది. పైగా రేకు ఎలా పట్టుకుందో చూడు, బొటనవేలికీ నడిమి వేలికీ మధ్య. గుడ్డ సర్దే వాళ్ళు అలా పట్టుకోరు.

నీ డబ్బాలో పువ్వులు ఎలా పెరిగాయో ఇప్పుడు తెలిసిందా?

అంతర్వేది వైపు ఊళ్ళలో ఏడు రేకులే వేసేవారు. ఆవిడ ఆ వైపు మనిషేనా? అయితే ఆవిడకి చేతిపనే కాదు, అతుకూ వస్తుంది. అక్కడ ఒకే మనిషి రెండూ చేసేది.

నువ్వు అడగకు. అడిగితే కాదంటుంది. నీకు తోచినట్టు రెండు పువ్వులు తప్పుగా అతికి ఆవిడ కంటబడేలా పెట్టు. అంతే చెయ్యి. లేసు పట్టిన మనిషి తప్పు అతుకు చూసి ఊరుకోలేదు. ఉడుకుమోతుతనం మా జాతి గుణం.

నేనెందుకు రాలేదని అడిగావు. మీ అమ్మ వేసిన పువ్వు నా చేతికి రాని రోజు లేదు, ముప్ఫై ఏళ్ళు. ఆ రోజు మట్టి వేసి వస్తుంటే ఇంట్లో ఆ డబ్బా ఉంటుందని గుర్తొచ్చింది. అవి చేత్తో పట్టుకోలేను తల్లీ. అందుకే ఫొటో అడిగాను. పరీక్షలు ఒక సాకు.

సరోజిని


రాజోలు,
1 జూన్ 2025

పిన్నీ,

ముందు వందనాలు చెప్పడం కూడా మర్చిపోయేంత తొందరలో రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. అమ్మ పువ్వులు పాడుచెయ్యడానికి చెయ్యాడలేదు, ఏడు రేకులవి రెండు తీసి గొలుసులు ఇష్టమొచ్చినట్టు వేసి వంటింటి గట్టు మీద పెట్టాను. అత్తగారు కూరలు తరుగుతూ ఒకసారి చూశారు. మళ్ళీ చూశారు. కత్తిపీట పక్కకి తోశారు.

"ఏంటమ్మాయ్ ఇది? దోమతెరా?"

"అతుకండి."

"అతుకా? దీన్ని అతుకంటే అల్లినోళ్ళు లేచొచ్చి కొడతారు. అంత గట్టిగా లాగేసేవేంటి? పువ్వుకి ఊపిరాడొద్దా? సూది ఇలా ఇయ్యి."

అలా ఇచ్చిందాన్ని ఇచ్చినట్టే ఉన్నాను పిన్నీ. నిమిషంలో నాది విప్పేశారు. వేళ్ళు నాకు కనపడలేదు, అంత వేగం. వంకాయలు గట్టు మీద నల్లబడిపోయాయి. సూది ఆపకుండా, తల ఎత్తకుండా చెప్పారు. ఆవిడది నువ్వన్నట్టే అంతర్వేది వైపు, పల్లిపాలెం దగ్గర. తొమ్మిదేళ్ళప్పుడు సూది పట్టారు. పెళ్ళయ్యాక కూడా అల్లారు. మామగారి టీచరు ట్రైనింగు ఆ వేలి మీదే గడిచిందట. ఉద్యోగం వచ్చాక స్కూలు మీటింగులో ఎవరో "మాస్టారి భార్య లేసు కూలీ" అన్నారట. ఆ రోజు సూది నూతిలో పడేశారు. "మీ అమ్మ పువ్వులు ఆరు తక్కువయ్యేయి కదా. ఊరుకోలేకపోయేను. అందరూ పడుకునేక వేసేను. హేమకి చెప్పకే" అన్నారు.

రెడీమేడ్ గౌను మాట అత్తగారే ఎత్తడం మానేశారు. కానీ కొత్త గొడవ వచ్చింది. అమ్మ వేసిన మూల చూసి ఆవిడ అతుకు పట్టేశారు, అమ్మ పువ్వులన్నీ చక్కగా కలిశాయి. ఏడు రేకులవి ఆరూ కలవడం లేదు. మూల దగ్గర నోరు తెరుచుకుని ఉంటున్నాయి. ఆవిడకి ఒకటే కోపం, తన మీద తనకే. ఆరూ విప్పేసి ఎనిమిది రేకులతో మళ్ళీ వేస్తానంటున్నారు. ఏడు రోజుల్లో అవ్వదు. నాకు విప్పడం ఇష్టం లేదు కూడా. ఏం చెయ్యాలో నువ్వే చెప్పాలి. పోస్టుకే మూడు నాలుగు రోజులు పోతాయి.

నీ బ్లెస్సీ


రాజోలు,
10 జూన్ 2025

పిన్నికి,

బ్లెస్సీ, చంటిది, మా అత్తగారు, ముగ్గురి వందనాలు.

నా ఉత్తరం అందగానే ఐదో తారీకు ఉదయం నువ్వు ఫోన్ చేశావు చూడు, అప్పుడు ఇక్కడ ఏం జరిగిందో నీకు సగమే తెలుసు. నువ్వు ఎప్పటిలాగే "ఆఁ? ఆఁ?" అంటున్నావు. మూడు రోజులే ఉన్నాయి. నాకు ఏమొచ్చిందో, నడి హాల్లో నిలబడి అరిచేశాను. "అమ్మవి ఎనిమిది రేకులు! అత్తయ్యగారు అల్లినవి ఏడు!" చంటిది ఉలిక్కిపడి ఏడ్చింది. పక్కింటి వాళ్ళు గోడ మీంచి చూశారు. హేమ వదినగారు నురగ మొహంతో బాత్రూంలోంచి వచ్చి, "అమ్మ అల్లిందా? ఏం అల్లింది?" అన్నారు.

రహస్యం బజార్లో పెట్టేశానని అప్పుడు తెలిసింది. అత్తగారి వైపు చూడలేకపోయాను. మామగారు పేపరు మడిచి, "మంచి అల్లికండీ ఆవిడది. మానేసినప్పుడే అన్నాను, విన్నదా?" అన్నారు, నీకే చెబుతున్నట్టు ఫోన్ వైపు తిరిగి. అప్పుడు అత్తగారు గబగబా వచ్చి నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నారు. మిగతాది నీకు తెలిసిందే. ఇద్దరూ అరగంట అరుచుకున్నారు. నువ్వు చెప్పినట్టు లేని రేకు చోట తొమ్మిది గొలుసులు వేసి రేకులా వంచారు. మూలలు నోరు మూసుకున్నాయి. ఆరు పువ్వులకీ ఒక్కో రేకు ఖాళీగా, గీత గీసినట్టు ఉంది. నాకు అవే ఎక్కువ నచ్చాయి.

ఆదివారం చర్చిలో చంటిది ఏడవలేదు. నీళ్ళు పడగానే పాస్టరు అయ్యగారి కళ్ళజోడు పట్టుకుంది. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళ వైపు నుంచి బంగారమ్మగారు వచ్చి, ఏమీ అడగకుండా గౌను అంచు తిరగేసి చూశారు. ఆవిడ కూడా ఒకప్పుడు ఆ పనే చేశారట. "ఇది ఒక చెయ్యి కాదు" అన్నారు. అంతమంది మధ్య మా అత్తగారు గట్టిగా చెప్పారు. "మా వియ్యపురాలు మొదలెట్టేరండి. నేను కలిపేనండి. దారి చూపించింది ఆవిడ చెల్లెలు, రంపచోడవరంలో ఉంటారు." కూలి అనే మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఆవిడ ఊరుకునేలా కూడా లేరు.

అంచు చుట్టూ తిరిగి వచ్చాక వెనకవైపు మొదటి పువ్వులూ చివరి పువ్వులూ కలిసే చోటు ఒక్కటి ఉండిపోయింది. శనివారం సాయంత్రానికే అక్కడిదాకా వచ్చేశారు, ఐదు నిమిషాల పని. అత్తగారు సూది దింపేశారు. రెండు టాకాలు వేసి వదిలేశారు. "అదొక్కటీ సరోజినిగారి మూలమ్మా. ముట్టుకోను" అన్నారు. నిన్న గౌను ఉతికి, డబ్బాలో పెట్టి, డబ్బా మంచం మీద పెట్టారు, నువ్వు రాగానే కనపడాలని.

మీ హాస్టల్ పిల్లల పరీక్షలు అయిపోయాయి. వెల్ల వేయించాలనో, బియ్యం రావాలనో రాయకు.

చర్చి మెట్ల మీద గంగబాబు తీసిన ఫొటో పంపుతున్నాను. ఈసారి అతను ముందే అడిగాడు, "చిల్లులు ఉంచమంటారా, పూడ్చమంటారా అండి?" అని. "ఉంచు బాబూ, చిల్లులే పని" అన్నారు అత్తగారు. అందరూ బాగా పడ్డారు. గౌను కనపడాలని పిల్లని వెనక్కి తిప్పి ఎత్తుకున్నాను కూడా. కానీ ఆ మూల మాత్రం పడలేదు, మామగారి మోచెయ్యి అడ్డం వచ్చింది.

వేలు తియ్యమని అనలేకపోయినదాన్ని, మోచెయ్యి తియ్యమని ఇప్పుడు అనగలను. అయినా అనలేదు. ఇంకో ఫొటో తియ్యను. నువ్వే వచ్చి చూసుకో.

నీ
బ్లెస్సీ